గ్రహణం పద్దు

2027 ఆగస్టు 2, సోమవారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. స్పెయిన్ దక్షిణపు కొస, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్ల మీదుగా చంద్రుడి నీడ సాగిపోతుంది. ఈజిప్టులో లక్సరు పట్టణం దగ్గర ఆ చీకటి 6 నిమిషాల 23 సెకన్లు ఉంటుందని లెక్క కట్టారు. ఎర్ర సముద్రం దాటగానే వచ్చే జెద్దా నగరం కూడా ఆ దారిలోనే ఉంది. అక్కడ సుమారు 6 నిమిషాలు.

మా అబ్బాయి ఉద్యోగం జెద్దాలో. "నాన్నా, మీరూ అమ్మా ఆ రోజుకి ఇక్కడికి రండి. నడిమధ్యాహ్నం చీకటి పడుతుందిట. మా మేడ మీద నుంచే చూడొచ్చు" అని వాడు ఇప్పటినుంచే ఫోను చేస్తున్నాడు. రాయగడలో నా దగ్గరే ఉంటున్న మా అమ్మకు ఎనభై దాటాయి. ఆవిడ ఈ మాట విని, "గ్రహణం పడితే తలుపులేసుకుని కూర్చుంటారు గానీ, సముద్రం దాటి వెళ్ళి చూసొస్తారట్రా ఎవరైనా?" అంది. జయపురంలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం, "వెళ్ళరా తమ్ముడూ. వెళ్ళేముందు ఓసారి నా దగ్గరికి రా" అన్నాడు. ఆ మాట అనే హక్కు మా ఇంటిల్లిపాదిలో ఆయనకే ఉంది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

నేను చదివింది బి.కాం. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. ఖగోళశాస్త్రం నాకు రాదు. కానీ ఒక పని పెట్టుకుంటే దానికి జమా ఖర్చులు రాసుకోవడం, ఎక్కడ నష్టం రావచ్చో ముందే చూసుకోవడం నా వృత్తి. ఈ గ్రహణానికి కూడా అలాగే ఒక పద్దు రాసుకున్నాను. మన సంఘంలో గల్ఫు దేశాల్లో పిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక ఆ పద్దు మీ ముందూ పెడుతున్నాను.

ముందుగా, దీనికింత హడావుడి దేనికని అడగవచ్చు. సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. సూర్యుడు మనకు చంద్రుడికన్నా సుమారు 400 రెట్లు దూరంలో ఉన్నాడు. అందుకే ఆకాశంలో ఇద్దరూ ఒకే సైజు బిళ్ళల్లా కనబడతారు, ఒక బిళ్ళ రెండో బిళ్ళను సరిగ్గా కప్పేస్తుంది. అలా పూర్తిగా కప్పినప్పుడు భూమి మీద పడే నీడ సాధారణంగా మహా అయితే రెండు వందల చిల్లర కిలోమీటర్ల వెడల్పు పట్టీ. ఆ పట్టీలో ఉన్నవాళ్ళకే సంపూర్ణ గ్రహణం, పక్క జిల్లావాళ్ళకు పాక్షికం. భూమి మీద ఏదో ఒక ఊరిని తీసుకుంటే, ఆ ఊళ్ళో ఒక సంపూర్ణ గ్రహణానికీ మరో సంపూర్ణ గ్రహణానికీ మధ్య సగటున 375 సంవత్సరాలు పడుతుందట. అంటే మన ఇంటి ముంగిట్లో కూర్చుని చూద్దామంటే పది పన్నెండు తరాలు ఆగాలి.

సగటు మాట సగటుదే. అదృష్టం కొద్దీ మన ప్రాంతం మీదుగా పంతొమ్మిదేళ్ళ వ్యవధిలో రెండు నీడలు వెళ్ళాయి. మొదటిది 1980 ఫిబ్రవరి 16 శనివారం మధ్యాహ్నం. కర్ణాటక తీరంలో కార్వార్, అంకోలాల వైపు మొదలై, రాయచూరు, పాలమూరు, నల్గొండల మీదుగా మన అవిభక్త కొరాపుట్ జిల్లా దాటి పూరీ, కోణార్క్ వైపు సముద్రంలోకి దిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది గనుక శాస్త్రజ్ఞులు అక్కడ కాచుకుని కూర్చుని పరిశోధనలు చేశారు. రెండోది 1999 ఆగస్టు 11. గుజరాత్లో ప్రవేశించి, మధ్యభారతం మీదుగా ఏటవాలుగా దిగి, దక్షిణ ఒడిశా, ఉత్తర కోస్తా దాటి బంగాళాఖాతంలో సూర్యాస్తమయంతో ముగిసింది. అది శ్రావణపు మబ్బుల కాలం. అప్పట్లో నేను రాయగడలోనే కుర్ర ఆఫీసరుని. సాయంత్రం క్యాషు కట్టేసి బయటికొచ్చేసరికి వానమబ్బు కింద సందెచీకటి ఓ పావుగంట ముందే వచ్చినట్టనిపించింది. లాంతరు వెలిగించుకుంటున్న పాన్ దుకాణంవాడు "ఆజి సూర్యపరాగ" అని ఒడియాలో తనలో తాను గొణుక్కున్నాడు. అంతే, మాకు తెలిసింది అంతకుమించి లేదు.

తెలుగువాళ్ళకు సంపూర్ణ గ్రహణంతో ఇంకా పాత బంధుత్వమే ఉంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో గ్రహణాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓడెక్కి వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును ఆయన పరీక్షించాడు. హీలియం అనే మూలకం కథ మొదలైంది ఆ ఏడాది పరిశీలనల నుంచే. ఫ్రాన్సు నుంచి ఒకాయన గ్రహణం కోసం గుంటూరు వచ్చాడంటే, రాయగడ నుంచి మేము జెద్దా వెళ్ళడం మరీ అంత విడ్డూరం కాదేమో.

ఇక 1980 సంగతి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్ళే ఘాటు రోడ్డు మీద ఉన్న పొట్టంగిలో మా నాన్నగారికి ఉద్యోగం. వెనకాల కొండలు, ముందు పెంకుటిళ్ళు. శివరాత్రి దాటి వచ్చిన అమావాస్య అది. వారం రోజుల ముందునుంచే ఊళ్ళో ఒకటే గుసగుసలు. చీకటిపడితే పక్షులు చచ్చి రాలతాయన్నారు, తాగే నీళ్ళు విషమవుతాయన్నారు. గ్రహణం పట్టే వేళకు అమ్మ ఆవకాయ జాడీ మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భలు వేసింది. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. కడుపుతో ఉన్న మా పిన్నిని లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టి, కదలొద్దు, గోకొద్దు, కత్తిపీట జోలికి పోవద్దు అని కట్టడి చేసింది. గ్రహణం చూస్తే పుట్టే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని భయం. పిల్లలందర్నీ నడవలో కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టింది.

తలుపులు మూశారు గానీ కప్పు మూయలేదు గదా. పెంకుల సందుల్లోంచి పడే ఎండ నేల మీద రోజూ గుండ్రటి చుక్కలుగా పడేది. ఆ రోజు చూస్తూ ఉండగా ఆ చుక్కలన్నీ ఒకవైపు కొరుక్కుతిన్నట్టు అరిగిపోయి, నెలవంకలై కూర్చున్నాయి. పేడతో అలికిన నేలంతా నెలవంకలే. మా చెల్లెలు వాటిని అరచేతిలో పట్టుకుని ఆడుకుంది. కాసేపటికి అవి సన్నబడి, గోరుముక్కల్లా అయి, ఒక్కసారిగా ఆరిపోయాయి. బయట కాకులు గోలగోలగా గూళ్ళకు చేరడం వినిపించింది. పశువులు అంబా అన్నాయి. సుమారు రెండు నిమిషాలు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఎక్కడో కోడి కూసింది. నేల మీద నెలవంకలు మళ్ళీ వెలిగాయి, ఈసారి అటువైపు తిరిగి.

ఆ రెండు నిమిషాలు బయట ఉన్నది మా పెద్దన్నయ్య. మా పెదనాన్నగారి పెద్దకొడుకు. అప్పుడాయనకు పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో సైన్సు చదువుతూ సెలవుకు మా ఇంటికొచ్చాడు. "ఇలాంటిది మళ్ళీ రాదు పిన్నీ" అని అమ్మతో చెప్పి దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. కిరసనాయిలు దీపం పొగ పట్టించిన గాజుపెంకు ఒకటి చేతిలో ఉంది. కుడికంటికి అడ్డంపెట్టుకుని, ఎడమకన్ను మూసుకుని గంటసేపు మధ్యమధ్య చూస్తూనే ఉన్నాడట. పూర్తి చీకటి పడ్డాక గాజుపెంకు తీసి వట్టికళ్ళతో చూశాడు. మళ్ళీ వెలుగు మొలిచే క్షణంలో ఆ మెరుపు అందంగా ఉందని, చూపు తిప్పుకోకుండా అలాగే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఆయనకు నొప్పి లేదు, మంట లేదు. కంటి వెనకవుండే తెరకు నొప్పి తెలియదట. కాలుతున్నా చెప్పదు. మర్నాడు ఉదయం పేపరు తీస్తే కుడికంటికి ప్రతి మాట మధ్యలోనూ ఒక నల్లమచ్చ కనబడింది. అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే కనబడదు, చుట్టుపక్కలవన్నీ కనబడతాయి. విశాఖపట్నం తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించారు. మందు లేదు, కొందరికి కొన్ని నెలల్లో కొంత దానంతటదే తేరుకుంటుంది, చూద్దాం అన్నాడాయన. అన్నయ్యకు కొంచెమే తేరుకుంది. రెండేళ్ళ తరవాత రైలింజను డ్రైవరు పనికి అర్జీ పెట్టుకుంటే రాతపరీక్ష గట్టెక్కి, కంటిపరీక్షలో ఆగిపోయాడు. తరవాత జయపురంలో బట్టల కొట్టు పెట్టుకుని బాగానే స్థిరపడ్డాడు గానీ, నలభై ఏళ్ళకు పైగా సూదిలో దారం ఎక్కించాలంటే కుడికన్ను మూసుకుంటాడు.

మా ఇంట్లో ఈ కథకు అమ్మ రాసిన తీర్పు ఒక్కటే. "లోపల ఉన్నవాళ్ళ కళ్ళు బాగున్నాయి, బయటికెళ్ళినవాడి కన్ను పోయింది. ఇంకేం చెప్పాలి?" ఈ తీర్పుకు ఎదురుచెప్పడం కష్టం. చిన్నప్పటినుంచీ నేనూ అదే నమ్మాను. కానీ ఈ మధ్య అన్నయ్య దగ్గర కూర్చుని, ఏ నిమిషంలో ఏం చేశావని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకున్నాక, అందులో రెండు పద్దులు కలిసిపోయి ఉన్నాయనిపించింది. చీకటిలో ఆయన వట్టికళ్ళతో చూసిన సుమారు రెండు నిమిషాల వల్ల కంటికి నష్టం రాలేదు. నష్టం వచ్చింది అంతకుముందు పొగగాజులోంచి చూసిన గంటలో, ఆ తరవాత చూపు తిప్పుకోని క్షణాల్లో. మనం మాత్రం మొత్తాన్ని కలిపి "గ్రహణం" అనే ఒక్క ఖాతాలో వేసేశాం.

లెక్క చూడండి. నిండు పున్నమి చంద్రుడికన్నా సూర్యుడి వెలుగు సుమారు 4 లక్షల రెట్లు. సూర్యబింబంలో నూటికి 99 వంతులు కప్పబడి, ఒక్క వంతు మిగిలిందనుకుందాం. ఆ ఒక్క వంతూ సుమారు 4 వేల పున్నమి చంద్రుళ్ళతో సమానం. చుట్టూ మసక కమ్మి ఉంటుంది గనుక కంటిపాప విచ్చుకుంటుంది, చూడటానికి హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే ఉంది ప్రమాదం. పైగా పొగగాజు కంటికి కనబడే వెలుగును తగ్గిస్తుందే గాని, కనబడని వేడికిరణాలను సరిగా ఆపదు. అదే సూర్యుడు నూటికి నూరు వంతులూ కప్పబడితే మిగిలేది చుట్టూ ఉండే కరోనా. ఆ పేరు వినగానే ఉలిక్కిపడకండి. రోగం కంటే చాలా ముందే ఆ పేరు సూర్యుడికి ఉంది, కిరీటమని అర్థం. ఆ కిరీటం వెలుగు ఇంచుమించు పున్నమి చంద్రుడంత. దాన్ని వట్టికళ్ళతో చూడవచ్చు, చూడాలి కూడా. అద్దాలు పెట్టుకుంటే అది కనబడదు. 99కీ 100కీ తేడా ఒక్కటే అనుకుంటాం, కంటికి మాత్రం ఆ ఒక్కటే అసలు సంగతి.

అమ్మతో ఈ లెక్కలు చెప్పి లాభం లేదని నాకు తెలుసు. ఆవిడ మనసు కాస్త కదిలింది 2019 డిసెంబరు 26న. ఆ ఉదయం కేరళ, తమిళనాడుల్లో వలయ గ్రహణం పట్టింది, మనవైపు పాక్షికం. మా అమ్మాయి ఏడో నెల గర్భిణి, పురిటికి రాయగడ వచ్చి ఉంది. పిల్లను గదిలో పడుకోబెట్టాలని అమ్మ. నేను ఏ తప్పూ చేయలేదే, నన్నెందుకు చీకట్లో పెడతారని అమ్మాయి. మధ్యలో మా ఆవిడ. గ్రహణ సమయంలో కొత్త కిరణాలేవీ పుట్టవు, రోజూ వచ్చే ఎండే తక్కువగా వస్తుంది, గ్రహణం మొర్రికీ దీనికీ సంబంధం లేదు అని వాళ్ళ డాక్టరమ్మ చెప్పినా అమ్మ భయం అమ్మది. ఆ భయం మనవరాలి మీద ప్రేమలోంచి వచ్చిందే గదా, దాన్ని వెక్కిరించడానికి మాకు నోరు రాలేదు.

చివరికి మా ఆవిడ ఒక దారి కనిపెట్టింది. వంటింట్లోంచి పూరీలు దేవే చిల్లుల గరిటె పట్టుకొచ్చింది. సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబడి, భుజం మీదుగా గరిటెను ఎండలో పట్టింది. ఎదురుగా వరండా గోడ మీద గరిటె నీడ, అందులో పాతిక ముప్ఫై చిన్న చిన్న సూర్యుళ్ళు. మబ్బు తప్పుకున్నప్పుడల్లా అవి వంకలుగా కనబడ్డాయి. ఎవరూ ఆకాశంకేసి చూడలేదు. నీడలో కుర్చీ వేసుకుని అమ్మాయి చూసింది. గుమ్మం లోపల నిలబడి అమ్మ కూడా చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇవి మన పొట్టంగి ఇంట్లో నేల మీద పడ్డవే గదరా!" అంది. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట తలుపులు బిగించిన ఇంట్లోకి పెంకుల సందులోంచి వచ్చింది గ్రహణం బొమ్మేనని ఆవిడకూ నాకూ అప్పుడే అర్థమైంది. ఆ పురుట్లో పుట్టిన మా మనవరాలు ఇప్పుడు బడికి వెళ్తోంది, ముత్యంలాంటి పెదవులతో ఇంట్లో అందరికీ ఎదురు చెబుతోంది.

మన ఆచారాన్ని పూర్తిగా కొట్టిపారేయమని నేను అనను. పంచాంగంలో పట్టు, మధ్యకాలం, విడుపు ఘడియలతో సహా రాసింది మనవాళ్ళే. మన ఒడిశాలోనే ఖండపడాకు చెందిన పఠాణి సామంత చంద్రశేఖరులు (1835-1904) వెదురుతో, కొయ్యతో చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచి సిద్ధాంత దర్పణం రచించారు. గ్రహణాల లెక్కలు అందులో ఉన్నాయి. లెక్క మన సంప్రదాయంలో ఎప్పుడూ ఉంది. ఏ నిమిషానికి ఏం చేయాలో తెలిసినవాళ్ళకు భయపడే అవసరం తగ్గుతుంది. 2022 అక్టోబరు 25 సాయంత్రం పాక్షిక గ్రహణానికి మన రాష్ట్ర ప్రభుత్వం సెలవు ప్రకటించింది. సెలవిచ్చారు, బాగానే ఉంది. ఆ సెలవులో పిల్లలకు గోడ మీద బొమ్మ చూపించిన ఇళ్ళు ఎన్ని ఉండి ఉంటాయి?

సరే, నా పద్దులోకి వస్తాను. బ్యాంకులో స్ట్రాంగురూముకు రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో. ఎంత నమ్మకస్థుడైనా ఒక్కడే తెరవలేడు. గ్రహణానికి కూడా నేను ఆ పద్ధతే పెట్టాను.

మొదటిది చోటు. "జెద్దా దగ్గర్లో" అంటే చాలదు. నిలబడే మేడ నీడ పట్టీ లోపల ఉందా, అంచున ఉందా, అక్కడ చీకటి ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లు అన్నది పటంలో చూసి ముందే రాసుకోవాలి. పట్టీ బయట ఉన్నవాళ్ళకు అద్దాలు తీసే క్షణం రానే రాదు.

రెండోది అద్దాలు. గ్రహణం చూడటానికని ప్రత్యేకంగా చేసినవే కావాలి. వాటి మీద ఐ.ఎస్.ఓ. 12312-2 అని ముద్ర ఉంటుంది. కానీ ముద్ర ఎవడైనా వేయగలడు గనుక విజ్ఞాన కేంద్రం నుంచో, నమ్మకమైన చోటు నుంచో తెచ్చుకోవాలి. పెట్టుకుని ఇంట్లో చూస్తే ఏమీ కనబడకూడదు, గోడా కుర్చీ కనబడ్డాయంటే అవి పనికిరావు. గీత పడినా, మడత పడినా, చిల్లి పడినా అవతల పారేయాలి. వెల్డింగు పనివాళ్ళ అద్దమైతే 14 నంబరుది మంచిది. చలువకళ్ళద్దాలు, ఎక్స్‌రే ఫిల్ము, ఫొటో నెగెటివు, సీడీ బిళ్ళ, పొగగాజు, పళ్ళెంలో పసుపునీళ్ళు – ఇవేవీ వద్దు. బైనాక్యులరు, కెమెరాల ముందు ముఖానికి వేరే ఫిల్టరు బిగించాలి. గ్రహణం అద్దాలు పెట్టుకుని బైనాక్యులరులోంచి చూడటం మరీ ప్రమాదం, అది ఎండను ఒకచోటికి చేర్చి అద్దాన్నీ కంటినీ కాలుస్తుంది.

మూడోది సమయం. పాక్షికం మొదలైన దగ్గరనుంచి చివరి వెలుగుచుక్క, అదే వజ్రపుటుంగరమంటారే, అది ఆరిపోయేదాకా అద్దాలు కంటి మీదే. ఆరిపోయాక తీయాలి. రెండో పక్క మొదటి చుక్క మెరవబోతోందనగా చూపు దించి మళ్ళీ పెట్టుకోవాలి. గడియారం చూసే పని ఒకరిది. మా ఇంట్లో ఆ పని మా ఆవిడకు అప్పజెప్పాను. మొత్తం వ్యవధిలో ఇరవై సెకన్లు ముందుగానే ఆవిడ "అద్దాలు!" అని కేకేస్తుంది. ఆ కేకకు అప్పీలు లేదు.

నాలుగోది పిల్లలు. అమ్మాయీ మనవరాలూ కూడా వస్తామంటున్నారు. పిల్లకొక పెద్దమనిషి, గ్రహణం ఉన్నంతసేపూ వేరే పని లేకుండా. చిన్నపిల్లల ముఖానికి అద్దాలు నిలబడవు, వేళ్ళతో ఎత్తి పక్కనుంచి తొంగిచూస్తారు. అద్దాలను అట్ట మధ్యలో అతికించి ముఖానికి ముసుగులా కట్టాలి. ఈ ఏడాది నుంచే రాయగడలో ఎండలో సాధన చేయిస్తున్నాం. అద్దం పెట్టు, తలెత్తు, చూడు, తలదించు, అద్దం తియ్యి – ఇదీ వరస. మనవరాలికి ఇది ఆటైపోయింది, తాతమ్మకు నేర్పుతోంది.

ఐదోది ఒళ్ళు. ఆగస్టులో అక్కడ ఎండ మన టిట్లాగఢ్‌ను తలపిస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సూర్యుడు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు గనుక మెడ పట్టేస్తుంది. చాప వేసుకుని వెల్లకిలా పడుకోవడం మేలు. గొడుగు, నీళ్ళు, మజ్జిగ, నా బి.పి. మాత్రలు – ఇవన్నీ పద్దులో ఉన్నాయి. చీకట్లో మెట్లు దిగడం నిషేధం.

ఈ కాగితం పట్టుకుని మొన్న జయపురం వెళ్ళాను. అన్నయ్య ఎడమకంటితో ఒక్కొక్క పంక్తీ చదివాడు. మూడో పద్దు దగ్గర ఆగి, ఇరవై సెకన్లను ముప్ఫై చేయమన్నాడు. చేశాను. తరవాత, ఆ రోజు ఏం చూశావన్నయ్యా అని అడిగాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆయన్ని ఆ కంటి గురించి అడిగినవాళ్ళే గాని, చూసిన దాని గురించి అడిగినవాళ్ళు లేరు. "నల్లటి బిళ్ళ, చుట్టూ తెల్లటి జుట్టు విరబోసుకున్నట్టు. పక్కన ఓ నక్షత్రం. కొండల చుట్టూ నాలుగు దిక్కులా సందె వెలుగు. నేనొక్కణ్ణే దొడ్లో. పిన్నినీ మిమ్మల్నీ పిలుద్దామని నోరు తెరిచాను, మాట రాలేదురా" అన్నాడు. కాసేపాగి, "ఆ ఆరు నిమిషాలూ ఫోటోలు తీస్తూ కూర్చోకు. చూసొచ్చి నాకు చెప్పు" అన్నాడు.

అమ్మ ఒప్పుకున్నట్టే ఉంది. పట్టుస్నానం, విడుపుస్నానం మానకూడదని షరతు పెట్టింది. ఆ ఎండలో రెండు స్నానాలంటే అది శిక్ష కాదు, వరమే. పట్టు విడుపు వేళలు పెద్దక్షరాలతో రాసి తన మంచం పక్క గోడకు అంటించమంది. అక్కడి టైముకు రెండున్నర గంటలు కలిపి మన టైములో రాస్తున్నాను.

జెద్దా వెళ్ళలేనివాళ్ళకు ఒక మాట. అదే రోజు సాయంత్రం మన దేశంలో చాలాచోట్ల పాక్షిక గ్రహణం ఉంటుంది. మన కొండల మీద ఆ నెలలో మబ్బులెక్కువ. మబ్బు విడిచిన చోట కనబడినా అది ఆసాంతం పాక్షికమే, అద్దాలు ఒక్క క్షణం కూడా తీయరాదు. మన దేశం గడ్డ మీద సంపూర్ణ గ్రహణం కావాలంటే 2034 మార్చి 20న, అదీ కాశ్మీరు, లదాఖ్ల వైపు. ఈలోగా రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్, సునాబేడా శాఖల్లో మన సంఘం ఒక ఆదివారం పిల్లల్ని కూడగట్టి, చిల్లుల గరిటెతో గోడ మీద సూర్యుణ్ణి చూపిస్తే బాగుంటుంది. ఖర్చు ఏమీ లేదు. గరిటె ప్రతి ఇంట్లోనూ ఉంది. నేను రాయగడలో ఆ పనికి రావడానికి సిద్ధంగా ఉన్నాను. పెద్దలు, పిన్నలు అందరూ చల్లగా ఉండాలని, అందరి చూపూ పదిలంగా ఉండాలని కోరుకుంటూ సెలవు.